ఖాళీ పేజీ సెగ

పాలగిన్నె స్టవ్ మీద పెట్టి, అత్తగారు కుడి మోకాలు రుద్దుకుంటూ, "నా మోకాలు తెరిచార్రా" అంది.

"ఇంత పొద్దున్నేనా?" అన్నాడు కొడుకు, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ. ఆయన లిఫ్టు మెకానిక్కు. పని తొందరగా మొదలవుతుంది.

"కొత్తగా వచ్చిన ఎముకల డాక్టరు కుర్రాడట. మనం వెళ్ళకముందే అంతా చదివి పెట్టుకుంటాడట. చూడు, ఎంతసేపటి నుంచి చదువుతున్నాడో. కాపడం పెట్టినట్టు హాయిగా ఉంది."

"అదృష్టవంతురాలివి. నన్ను చదివేవాడే లేడు" అన్నాడాయన. చిన్నప్పుడు వేయించుకున్న టీకాలు తప్ప ఆయన రికార్డులో ఏమీ లేదు.

ఆ ఊళ్ళో ఆసుపత్రివాళ్ళు కాగితాల ఫైళ్ళు తీసేసి అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినప్పటి నుంచీ ఇంతే. ఎవరి రికార్డు ఎవరు తెరిచినా, అందులో ఏ పేజీ చదివితే ఆ మనిషికి ఒంట్లో ఆ చోటు వెచ్చబడుతుంది. పేజీ మూస్తే చల్లారుతుంది. బస్సులో నిలబడ్డ పెద్దమనిషి ఉన్నట్టుండి దవడ పట్టుకుంటే పక్కవాళ్ళు "పళ్ళ డాక్టరా?" అని అడిగి కాస్త జరిగి చోటిస్తారు. బీమా కంపెనీవాళ్ళు లెక్కలు తిరగేసే రోజున వీధి వీధంతా వీపులు తడుముకుంటూ తిరుగుతుంది. కంప్యూటరంటే మొదట్లో హడలిపోయిన ముసలివాళ్ళు కూడా దీన్ని చూసే ధైర్యం తెచ్చుకున్నారు. కాగితం ఫైలైతే ఎవడు ఎప్పుడు తిరగేశాడో ఎవరికి తెలుసు? ఇందులో చాటుగా చదవడం కుదరదు. కాకపోతే ఒక్కటే ఇబ్బంది. ఎవరో చదువుతున్నారని తెలుస్తుంది గానీ, ఆ చదివేది ఎవరో తెలియదు.

ఆ ఒక్క ఇబ్బందే ఈ ఇంటి కోడలి గుండెల్లో ఆరేళ్ళుగా మండుతోంది.

ఆమెను ఊరంతా నీళ్ళ టీచరంటారు. మునిసిపాలిటీ స్విమ్మింగ్ పూల్‌లో పిల్లలకు ఈత నేర్పుతుంది. ఎంత మొండి పిల్లయినా ఆమె చెయ్యి వీపు కింద ఉంటే భయం మరిచిపోయి వెల్లకిలా తేలుతుంది. తల్లిదండ్రులు బయట అద్దాల గోడ అవతల బెంచీల మీద కూర్చుని, కబుర్లలో పడి లోపలికి చూడటం కూడా మానేస్తారు. అంత నమ్మకం ఆమె మీద.

ఆమెకు మాత్రం ఆసుపత్రి మీద ఆ నమ్మకం పోయింది. పెళ్ళైన కొత్తలో, మూడో నెలలో కడుపు పోయింది. అత్తవారికి చెప్పకుండా తల్లిని తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళి, "దయచేసి ఇది ఎవరికీ తెలియనివ్వకండి" అని డాక్టరమ్మను బతిమాలుకుంది. ఆవిడ సరేనని తలాడిస్తూనే టకటకా కంప్యూటర్లో కొట్టుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో బట్టలు మడతపెడుతుంటే పొత్తికడుపు వెచ్చబడింది. ఆసుపత్రి మూసేశాక ఇప్పుడెవరు చదువుతున్నారని ఆమె ఇంకా ఆలోచిస్తూనే ఉంది, అత్తగారు గదిలోకి వచ్చి మంచం మీద కూలబడి, "నాకెందుకు చెప్పలేదే తల్లీ" అని బావురుమంది.

ఆసుపత్రి రిసెప్షన్లో కంప్యూటర్ ముందు కూర్చునేది భర్త అక్క, సొంత ఆడపడుచు. ఇంకేం సాక్ష్యం కావాలి? మర్నాడు ఆవిణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. "నేను తెరవలేదు" అని ఆడపడుచు ఒక్క మాట అంది. అంతే, మళ్ళీ ఆ సంగతి మీద నోరు విప్పలేదు. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆడపడుచు కూతురు ఈతకు వస్తుంది కాబట్టి, ఆవిడ అద్దాల అవతల, ఈమె ఇవతల. చూపులు కలిసినా గోడను చూసినట్టే చూసుకుంటారు.

నీళ్ళ టీచరు ఆ తర్వాత ఏ డాక్టరుకూ నిజం చెప్పలేదు. ఎక్కడ నొప్పన్నా "పరవాలేదండీ" అనడమే. ఈమధ్య ఆమెకు కొత్తగా ఒకటి పట్టుకుంది. అన్నం ముందు కూర్చుంటుంది, చెయ్యి కంచంలో పెడుతుంది, మరుక్షణం చూస్తే అన్నం చల్లారిపోయి ఉంటుంది. మధ్యలో ఏమైందో తెలియదు. పిల్లల్ని అటు చివరికి పంపి ఈల నోట్లో పెట్టుకుంటుంది, ఊదేలోపే వాళ్ళు ఇటు చివర ఉంటారు. తనలో తను దానికి 'జారిపోవడం' అని పేరు పెట్టుకుంది. నిద్ర చాలక అయ్యుంటుందిలే అని సర్దిచెప్పుకుంది.

తలనొప్పికి మందు రాయించుకోవడానికి వెళ్ళినప్పుడు నరాల డాక్టరమ్మ అడిగింది కూడా. "ఎప్పుడైనా స్పృహ తప్పినట్టు, కాసేపు ఏమీ తెలియనట్టు ఉంటోందా?"

"అబ్బే, అలాంటివేం లేవండీ."

చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పొద్దున కంప్యూటర్లోకి ఎక్కుతుంది, మధ్యాహ్నం ఆడపడుచు చదువుతుంది, సాయంత్రానికి పూల్ మేనేజరు చెవిన పడుతుంది. స్పృహ తప్పేదాన్ని నీళ్ళలోకి ఎవరు దిగనిస్తారు? నీళ్ళు లేకపోతే తను ఏమిటి?

ముందురోజు సాయంత్రం ఆడపడుచు ఇంటికి వచ్చింది. ఆరేళ్ళలో గడప తొక్కడం అదే మొదలు. ఉద్యోగం నుంచి అటే వచ్చినట్టుంది, మెళ్ళో ఐడీ కార్డు అలాగే ఉంది.

"ఒక్క మాట చెప్పి పోతాను. నీ మంచికే" అంది గుమ్మంలో నిలబడి.

"నా మంచి మీరు అప్పుడే చూశారు కదా. ఇంక చాలు" అంది నీళ్ళ టీచరు.

"పూల్ దగ్గర నేను..."

తలుపు ఆవిడ మొహం మీదే పడింది. అత్తగారు లోపల్నుంచి "ఎవరే?" అని అడిగితే, "ఎవరూ కాదు" అంది.

తెల్లవారింది. ఇవాళ పిల్లలందరికీ పెద్దరోజు. నడుము లోతు దాటి మొదటిసారి కాళ్ళందని చోటికి వెళతారు. పట్టుకుని తేలే పలకలు గట్టున ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పైకప్పు కింద మాటలు గింగురుమంటున్నాయి. ఆడపడుచు కూతురు రాలేదు. 'తల్లి మాన్పించి ఉంటుంది, పోనీ' అనుకుని టీచరు నీళ్ళలోకి దిగింది. మొదటి వంతు ఓ బక్కపలచని పిల్లాడిది. వాడు రెండు చేతులూ ఆమె మెడకు చుట్టేసి, "వదలరు కదా టీచర్?" అన్నాడు.

"వదల్ను. ఊపిరి పీల్చు."

వాణ్ణి తీసుకుని లోతు వైపు నాలుగడుగులు వేసిందో లేదో, ఆమె తల వెచ్చబడింది.

నుదుటి మీద కాదు, నుదుటి వెనక, లోపల. ముందు ఎండ అనుకుంది, పైన కప్పుంది. జ్వరమేమో అనుకుంది, ఒళ్ళంతా చల్లటి నీళ్ళలో ఉంది. తర్వాత అర్థమైంది.

ఎవరో తన తల చదువుతున్నారు.

తల గురించి ఆమె రికార్డులో ఒక్క అక్షరం లేదు. తలనొప్పి మాత్రలు కూడా మందుల పేజీలోనే ఉన్నాయి. తను ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నతల్లికి చెప్పలేదు. మరి అక్కడ ఏం రాసుంది? ఎవరు రాశారు? ఎలా తెలిసింది? సెగ తగ్గడం లేదు. చదివేవాళ్ళు ఏదో ఒకసారి చూసి మూసేయడం కాదు, ఆ పేజీ తెరుచుకుని తిష్ఠ వేసినట్టుంది. రిసెప్షన్ కుర్చీలో మెళ్ళో కార్డుతో కూర్చున్న మనిషి ఆమె కళ్ళ ముందు మెదిలింది.

"అందరూ పైకి!" అని అరిచింది. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "క్లాసు లేదు ఇవాళ. పైకెక్కండి, అందరూ!"

"నా వంతు, టీచర్!" అని మొత్తుకున్నాడు మెడకు వేలాడుతున్న పిల్లాడు. వాణ్ణి ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టింది. మిగతావాళ్ళు మూతులు ముడుచుకుంటూ నిచ్చెన ఎక్కారు. ఇప్పుడే ఆసుపత్రికి పోవాలి, తడిబట్టలతోనైనా సరే, ఇవాళ ఆవిడో నేనో తేలిపోవాలి అనుకుంటూ, ఆఖరి పిల్ల పాదం నీళ్ళలోంచి బయటికి రావడం చూసింది. నిచ్చెన పట్టుకోవడానికి చెయ్యి చాచింది.

ఆ తర్వాత ఆమె లేదు.

గట్టు మీద కుర్చీలో కూర్చునే కాపలాదారు బట్టలతోనే దూకాడు. నీళ్ళ టీచరు నీళ్ళలో మునిగిపోవడం చూసి పిల్లలు కేకలు వెయ్యడం కూడా మరిచిపోయి కొయ్యబారి నిలబడ్డారు.

కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రి మంచం. నాలుక కొరుక్కుపోయి నోరంతా ఉప్పగా ఉంది. భర్త పాదాల దగ్గర, తల్లి తలాపిన. నరాల డాక్టరమ్మ చక్రాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని పక్కనే కూర్చుంది. తలుపు దగ్గర, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు, ఆడపడుచు.

"నా తల గురించి ఎవరు రాశారు?" అంది నీళ్ళ టీచరు. మొదటి మాట అదే.

"ఎవరూ రాయలేదమ్మా."

"అబద్ధం. పొద్దున చదివారు. నాకు తెలిసింది."

డాక్టరమ్మ తెర ఆమె వైపు తిప్పింది. పైన 'తల' అని ఉంది. కింద అంతా తెలుపు. కిందకి జరుపుతూ పోయినా తెలుపే.

నీళ్ళ టీచరు నిర్ఘాంతపోయింది. "ఖాళీ పేజీకి సెగ ఎక్కడైనా పుడుతుందా?"

"నేనూ ఇప్పుడే వింటున్నాను" అంది డాక్టరమ్మ.

"తెరిచింది నేనే" అంది తలుపు దగ్గర్నుంచి ఆడపడుచు.

నీళ్ళ టీచరు మోచేతుల మీద లేవబోయింది. భర్త పట్టుకున్నాడు. "చూశారా! అప్పుడూ ఈవిడే, ఇప్పుడూ ఈవిడే. నా కడుపు పోయిన సంగతి ఊరంతా చాటించింది చాల్లేదా మీకు?"

"అప్పుడు ఆవిడ కాదే" అంది తల్లి.

నీళ్ళ టీచరు తల తిప్పి తల్లిని చూసింది.

"మీ అత్తగారికి ఫోన్ చేసింది నేనే. నువ్వేమో మర్నాడే పూల్‌కి పోతానంటివి. ఎవరైనా ఆపకపోతే చచ్చిపోతావేమోనని భయమేసింది. నాలుగు రోజులు దాన్ని కదలనివ్వకండి వదినగారూ అని బతిమాలుకున్నాను. నా పేరు బయటపెట్టొద్దని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాను. ఇంత రచ్చవుతుందనుకోలేదు."

"మరి ఆరేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

తల్లి మంచం అంచు గోటితో గీరింది. "చెబితే నాతో కూడా మాట్లాడవని" అంది.

"ఆ సాయంత్రం నాకు వెచ్చబడింది. అదేమిటి మరి?"

"అప్పుడు మిమ్మల్ని చూసిన డాక్టరమ్మే అయ్యుంటుంది" అంది నరాల డాక్టరమ్మ నెమ్మదిగా. "రిటైరయ్యేదాకా ఆవిడకదే అలవాటు. ఇంటికెళ్ళాక ఆ రోజు చూసినవాళ్ళందరి పేజీలూ మళ్ళీ ఒకసారి చదువుకునేది."

ఆరేళ్ళుగా తను మోసిన కోపం మోసినట్టే ఉంది, దాన్ని దించడానికి ఎదురుగా మనిషి లేకుండా పోయింది. ఆడపడుచు రెండడుగులు లోపలికి వేసింది.

"చెయ్యని పనికి ఇన్నేళ్ళూ మాటపడ్డాను. ఇవాళ ఆ పని చేశాను" అంది. "మొన్న పూల్ దగ్గర నిన్ను చూశాక నా పిల్లనైతే ఇంట్లో ఆపుకున్నాను, మిగతా పిల్లల్ని ఎవరాపుతారు? మేనేజరుకు చెబుదామంటే కక్ష తీర్చుకున్నానంటారు. నువ్వు చూస్తే తలుపు వేసేశావు. డాక్టరుకైనా చెప్పుకుని ఉంటావేమో, మందులు వాడుతున్నావేమో అని తెరిచాను. ఏమీ లేదు. అప్పుడు భయమేసింది. మూయబుద్ధి కాలేదు. ఖాళీ పేజీకి సెగ పుడుతుందో లేదో నాకూ తెలీదు. పుడితే నువ్వు ఊరుకోవు, నన్ను తిట్టడానికైనా నీళ్ళలోంచి బయటికి వస్తావు. అదే చాలనుకుని, తెరుచుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను."

ఆ వెనకే ఆసుపత్రి పెద్దాఫీసరు వచ్చాడు. ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "అనుమతి లేకుండా పేషెంటు రికార్డు తెరిచానని ఈవిడే వచ్చి ఒప్పుకుంది. మీకు బాగాలేనప్పుడు అడగడం బాగుండదు, కానీ తప్పదు. చూడమని ముందే మీరు చెప్పి ఉంటే విషయం ఇక్కడితో అయిపోతుంది. చెప్పలేదంటే ఆ కుర్చీలో ఇంక ఆవిడ కూర్చోవడానికి వీల్లేదు."

"చెప్పిందండీ" అన్నాడు భర్త వెంటనే. "కదే? చెప్పావు కదా?"

నీళ్ళ టీచరు నోరు తెరిచింది. ఒక్క మాట. పిల్లల ప్రాణాలు కాపాడిన మనిషి కోసం ఒక్క చిన్న అబద్ధం. కానీ ఆడపడుచు తల అడ్డంగా ఊపింది.

"వద్దు. నీ రికార్డులోకి ఇంకో అబద్ధం ఎక్కించకు."

"చెప్పలేదండీ" అంది నీళ్ళ టీచరు.

ఆడపడుచు మెళ్ళోంచి కార్డు తీసి ఆఫీసరు చేతిలో పెట్టింది. ఆయన వెళ్ళిపోయాడు. భర్త, తనను ఎవరో చెంప మీద కొట్టినట్టు, భార్య వంకా అక్క వంకా చూస్తూ నిలబడిపోయాడు.

కాసేపటికి డాక్టరమ్మ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడైనా చెబుతారా?"

నీళ్ళ టీచరు చెప్పింది. చల్లారిన అన్నం సంగతి, ఊదని ఈల సంగతి. డాక్టరమ్మ కొట్టుకుంటుంటే నుదుటి వెనక సన్నగా సెగ మొదలైంది.

"ఆ సమయంలో మీరు ఎలా ఉంటారు? కళ్ళు మూతపడతాయా, చేతులు ఏమవుతాయి, ఎంతసేపు?"

"నాకెలా తెలుస్తుందండీ? నేనుండను కదా."

"అయితే చూసినవాళ్ళు చెప్పాలి."

ఆడపడుచు అప్పటికే తలుపు గడియ మీద చెయ్యి వేసింది. ఇది తను వినాల్సింది కాదని బయటికి పోతోంది.

"వదినా" అంది నీళ్ళ టీచరు. "ఉండండి. మీరు చూశారు కదా. నా ఎదురుగానే చెప్పండి."

ఆవిడ వెనక్కి వచ్చింది, కూర్చోలేదు. "మొన్న. అద్దాల అవతల నుంచి చూశాను. చెయ్యి పైకెత్తి ఉంది. ఈల నోట్లోంచి జారిపోయింది. కళ్ళు బాగా తెరిచే ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి, నవ్వుతున్నట్టు." ఆగింది. "ముందు పసుపు టోపీ పిల్ల ఉంది. మునిగింది."

"ఎక్కడ?" అంది నీళ్ళ టీచరు.

"నీ ముందే. నువ్వు చెయ్యి చాస్తే అందేంత దూరంలో. రెండుసార్లు పైకొచ్చి మునిగింది. కాపలాదారు అటు పక్క పెద్దపిల్లలతో ఉన్నాడు. నేను అద్దం మీద రెండు చేతులతో బాదాను, లోపలికి వినిపించదు. తలుపు దగ్గరికి పరిగెత్తేలోపు ఆ పిల్లే ఎలాగో నిచ్చెన పట్టుకుంది."

నీళ్ళ టీచరుకు గుర్తున్నది ఒక్కటే. పసుపు టోపీ పిల్ల నిచ్చెన దగ్గర దగ్గుతోంది, ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి, తను వెళ్ళి "చెప్పిన మాట వినకుండా అల్లరి చేస్తే ఇంతే మరి" అని కసిరింది. పిల్ల తలూపింది.

"అదీ రాయండి" అంది డాక్టరమ్మతో. "తిట్టాను. అదీ రాయండి."

డాక్టరమ్మ రాసింది. ఆ సెగకు నీళ్ళ టీచరు రెండు చేతులతో తల పట్టుకుంది.

మందులు మొదలయ్యాయి. డాక్టరమ్మ చెప్పేదాకా నీళ్ళలో కాలు పెట్టకూడదన్నారు. మేనేజరు విని కాసేపు అరిచాడు, ఆఖరికి ఇంకో టీచరును నీళ్ళలోకి దింపి ఈమెను గట్టు మీద నిలబెట్టాడు. ఆడపడుచును ఆసుపత్రిలోనే దుప్పట్లు మడతపెట్టే గదికి మార్చారు. అక్కడ కంప్యూటర్ లేదు.

ఇంటికి పంపిన మర్నాడే నీళ్ళ టీచరు పసుపు టోపీ పిల్ల ఇంటికి వెళ్ళింది. పిల్ల తల్లి మంచినీళ్ళు తెచ్చింది. అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేసరికి ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"మాకేం తెలీదే. ఇది ఇంట్లో ఏమీ చెప్పలేదే!" అంది ఆవిడ. పిల్లను లాగి ఒళ్ళో కుదేసుకుంది. "ఎందుకు చెప్పలేదే నువ్వు?"

"టీచరు చూశారుగా" అంది పిల్ల. "నన్నే చూస్తూ నవ్వారు కూడా. మునగడం కూడా పాఠమే అనుకున్నా."

తల్లి పిల్లను ఇంకా గట్టిగా పట్టుకుంది. నీళ్ళ టీచరు కుర్చీలోంచి జారి పిల్ల ముందు నేల మీద కూర్చుంది.

"చూడలేదమ్మా. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ, నేను అక్కడ లేను."

పిల్ల ఆశ్చర్యంగా ఆమె కళ్ళలోకి చూసింది. ఒకదాంట్లోకి, తర్వాత రెండోదాంట్లోకి.

"మరెక్కడికెళ్ళారు?"

"తెలీదు. నాకూ తెలీదు."

పిల్ల తల్లి ఒళ్ళోంచి ముందుకు వంగింది.

"ఈసారి వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళండి టీచర్" అంది.